మూడో డాలు

మూడో గుండు డాలును చీల్చుకుని పోయి, వెనకున్న ఖాకీ చొక్కాకి చిల్లు పెట్టింది.

చొక్కాలో మనిషి లేడు. బంకమట్టి కుక్కిన గోనెసంచికి పాత చొక్కా తొడిగి, దాని ముందు మా డాలును చెక్కచట్రంలో నిలబెట్టారు, అంతే. అయినా అక్కడున్న కానిస్టేబుళ్లు ఎవరి గుండె వాళ్లు తడుముకున్నారు. చిల్లు సరిగ్గా ఎడమ జేబు మీద పడింది మరి.

ఇన్‌స్పెక్టర్ శ్రీరామ్మూర్తి రివాల్వర్ ఒరలో పెట్టాడు. తాపీగా నడుచుకుంటూ వెళ్లి ఆ చిల్లులో వేలు దూర్చి చూశాడు.

"గురునాథరావుగారూ! ఈ చొక్కాలో మావాడొకడు ఉండుంటే, ఈపాటికి వాళ్లావిడకి కబురు పంపేవాళ్లం."

మా ఓనరు గురునాథరావు చెమట తుడుచుకోవడం కూడా మర్చిపోయి నిలబడ్డాడు. అంతకు ముందు రెండు డాళ్లు రెండు గుండ్లను ఆపాయి. రెండుసార్లూ చప్పట్లు మోగాయి. రెండోదానికి ఇన్‌స్పెక్టరే స్వయంగా "భేష్" అన్నాడు. ఆ మాట ఇంకా చెవుల్లో ఉండగానే మూడోది మమ్మల్ని నిలువునా ముంచేసింది.

అది 1985 మే నెల. విశాఖపట్నం శివార్లలో, కొండ వాలున పోలీసుల ఫైరింగ్ రేంజి. నేను చేతిలో మెత్తటి గుడ్డతో ఓ పక్కన నిలబడి ఉన్నాను. ఆటోనగర్‌లోని మా వర్క్‌షాపులో నా పని అదే. డాలు బయటికి వెళ్లే ముందు దాని మీద వేలిముద్ర కూడా లేకుండా తుడవాలి. నా పేరు గౌరీశ్వరి. ఆ డాళ్లను ప్రెస్సులో అతికించే రమణమూర్తి నాకు మేనబావ, ఆపైన మొగుడు. పెళ్లయ్యాక కూడా బావ అనే పిలుపు నా నోట మారలేదు.

అప్పట్లో తుపాకీ గుండును ఆపే అద్దం అంటే బండరాయే. ఇద్దరు మోస్తే మూడోవాడు దాని వెనక దాక్కోవాలి. ప్రేమలీల మేడం తయారుచేసిన డాలును నేను ఒంటిచేత్తో ఎత్తేదాన్ని. ఇవతల నుంచి చూస్తే అవతలి మనిషి కనురెప్పలు కూడా కనిపించేవి. ముందువైపు పల్చటి గాజు, వెనకవైపు ఓడలో వచ్చిన పాలీకార్బనేట్ షీటు, రెండింటి మధ్యా మేడం సొంతంగా కలిపిన పారదర్శకమైన జిగురు పొర. పాలీకార్బనేట్ అనే పేరు మా నోళ్లు తిరక్క అందరం దాన్ని ఫారిన్ షీటు అనేవాళ్లం.

"గాజు మొండిది గౌరీ, గుండు ముక్కు బద్దలు కొడుతుంది. షీటు ఓర్పుగలది, సాగి గుండును ఒడిసి పట్టుకుంటుంది. ఆ రెండూ సఖ్యంగా కాపురం చేస్తేనే డాలు" అనేవారు మేడం.

ఆవిడ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. ఈ డాలు కోసం ఉద్యోగానికి సెలవు పెట్టి, మా రేకుల షెడ్డులో మాతోపాటు చెమటోడ్చారు. ఆవిడ భర్త జ్ఞానశేఖర్‌గారు ఓడల మీద ఇంజినీరు, ఏడాదిలో ముప్పాతిక భాగం సముద్రంలోనే. ఇంట్లో ఆవిడా, అత్తగారు ఆరోగ్యమ్మా. మల్కాపురంలో వాళ్లిల్లూ మా ఇల్లూ పక్కపక్కనే, మధ్యలో ఒకే గోడ.

మేడం పరుగున వెళ్లి ముక్కలు ఏరారు. గాజు పగలాల్సినట్టే పగిలింది. వెనక షీటు మాత్రం సాగలేదు. అప్పడంలా ఫట్‌మని విరిగింది. ఆవిడ ఒక ముక్కను వెలుతురుకి ఎత్తి పట్టుకుని, తనలో తాను అనుకున్నట్టు పైకే అనేశారు.

"ఇది ఫారిన్ షీటు విరిగే తీరు కాదే..."

ఆ ఒక్క మాట చాలు. గురునాథరావు గిర్రున ఆవిడ వైపు తిరిగాడు.

"అంటే? ఆ షీటు పగలదని చెప్పింది మీరేగా?"

"పగలదండీ. వంగుతుంది, సాగుతుంది."

"అయితే ఇది ఫారిన్ షీటు కాదన్నమాట! ఎవడో నాటు షీటు పెట్టి, అసలుది అమ్ముకున్నాడన్నమాట!"

షీట్లు దాచిన చోటి నుంచి ప్రెస్సు దాకా తెచ్చే మనిషి ఒక్కడే. అందరి చూపులూ మా బావ మీదికి తిరిగాయి. బావ మాత్రం ఎవరినీ చూడలేదు. చొక్కా మీది చిల్లునే చూస్తూ నిలబడ్డాడు.

* * *

ఆ షీట్లను దాచింది వర్క్‌షాపులో కాదు, ఆరోగ్యమ్మగారి పెట్టెలో.

దానికో కారణం ఉంది. మన సముద్రపు గాలి ఆ షీటుకి పడదు. తేమ పీల్చుకుంటే ప్రెస్సులో వేడి తగలగానే లోపల సోడాలో లేచినట్టు బుడగలు లేస్తాయి. ఆ వేసవి మొదట్లో అలా ఎన్నో షీట్లు తగలేశాం. మేడం వాటిని ఓవెన్‌లో ఆరబెట్టడం నేర్పారు. కానీ ఆరబెట్టాక దాచడం ఎక్కడ? మా షెడ్డులో గోడలకే చెమటలు పట్టేవి.

"నా పెట్టి ఉంది కదేటి? నీటిలో పడీసినా సుక్క లోపలికెల్లదు. మీ మావ ఓడలకి సెక్కపని సేసినోడు. పెళ్లాం పెట్టిని ఓడ కట్టినట్టే కట్టినాడు" అంది ఆరోగ్యమ్మ.

నిజంగానే అది ఓడలాంటి పెట్టె. టేకు చెక్క, లోపల తగరపు రేకు, మూత అంచున రబ్బరు పట్టీ. మూత దించితే 'బుస్' మని గాలి బయటికి పోయి బిగుసుకునేది. మేడం అందులో సగం చోటు అడిగి తీసుకున్నారు. పెట్టె తాళాలు రెండు. ఒకటి ముసలామె మొలలో, ఒకటి మా బావ దగ్గర. పొద్దున్నే బావ ఆ రోజుకి కావలసిన షీట్లు తీసి, గోనెలో చుట్టి, బస్సులో ఆటోనగర్ తెచ్చేవాడు. తుడవడానికి విప్పితే వాటి నుంచి పండగ చీర వాసన వచ్చేది. చెమట, జిగురు కంపుల మధ్య ఆ వాసన నాకు హాయిగా ఉండేది.

ఫైరింగ్ రేంజి నుంచి వచ్చిన రోజే గురునాథరావు బావ దగ్గర తాళం లాక్కున్నాడు.

"వచ్చే శుక్రవారం ఇన్‌స్పెక్టరుగారు వర్క్‌షాపుకి వస్తారు. ఈలోగా దొంగ దొరికితే సరే, లేకపోతే నీ పేరు మీద కంప్లయింటు. అసలు ఇప్పుడే ఇచ్చేద్దును, మేడం బతిమాలారని ఆగాను" అన్నాడు.

"నాను సేయనేదు బాబూ" అన్నాడు బావ. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడలేదు. అది బావకున్న జబ్బు. ఒకసారి చెప్పిన నిజాన్ని రెండోసారి చెప్పడం నామోషీ అనుకుంటాడు.

మర్నాటికి ఈ సంగతి మల్కాపురం అంతా పాకిపోయింది. కుళాయి దగ్గర గురువమ్మ నా బిందెను పక్కకి నెట్టి, "ఏటి గౌరీ, బుల్లెట్లు దూరే అద్దాలు సేత్తన్నారంట కదా మీ ఆయన? మా ఇంటి కిటికీకొకటి కావాల, గాలాడ్డం నేదు" అంది. కిసుక్కున నవ్వులు. బిందె నిండకుండానే ఎత్తుకొచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి బావ చాప మీద కూర్చుని, శుక్రవారం స్టేషన్‌కి వెళ్లాల్సి వస్తే వేసుకోవడానికి చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నాడు. ఆ సూది చూసేసరికి బిందె అక్కడే కుదేశాను. గోడ దగ్గరికెళ్లి, అవతలికి వినపడేలా అరిచాను.

"సదువుకున్నోళ్లకేటి, నోటికొచ్చింది అనీసి ఎల్లిపోతారు! జైలుకెల్లేది మన కొంపలోనోడు!"

ఆ రోజు నుంచి మేడంతో మాట మానేశాను.

* * *

రెండు రోజులు గడిచాయి. మధ్యాహ్నం అన్నం వారుస్తున్నాను. వెనక గుమ్మంలోంచి మేడం లోపలికి వచ్చారు. నేను పిలవలేదు, రమ్మనలేదు. నేరుగా వచ్చి నా కిరసనాయిలు స్టవ్ ముందు గొంతుక్కూర్చున్నారు.

"మాట్లాడకపోతే మానెయ్, గౌరీ. చూడు చాలు."

సంచిలోంచి రెండు ముక్కలు తీశారు. ఒకటి స్కూటరు నంబరు ప్లేటుది. "ఇది బజార్లో దొరికే నాటు షీటు" అంటూ పట్టుకారుతో మంటలో పెట్టారు. అంటుకుంది. మంటలోంచి బయటికి తీసినా చిటపటలాడుతూ కొవ్వొత్తిలా మండుతూనే ఉంది. ఇటుక మీద రుద్ది ఆర్పారు.

"ఇది మూడో డాలుది."

అది నల్లగా పొగ కక్కింది. మసి పోగులు గాల్లో తేలాయి. మంటలోంచి బయటికి తీశారో లేదో, దానంతట అదే ఆరిపోయింది.

మళ్లీ పెట్టారు. మళ్లీ ఆరిపోయింది.

నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. గిన్నె చేతిలోనే ఉండిపోయింది, గంజి కాలి మీద ఒలికినా తెలియలేదు.

"అంటే అది... ఫారిన్ షీటేనా?"

"అచ్చంగా ఫారిన్ షీటే. రమణమూర్తి ఏదీ మార్చలేదు. నేను తొందరపడి అన్న మాటకి ముందు నీకు చెప్పుకోవాలని వచ్చాను. తప్పు నాది."

లెక్చరరమ్మ, పేపర్లో ఫోటో పడిన మనిషి, నా పొయ్యి ముందు మసిచేతులతో కూర్చుని ఆ మాట అన్నారు. నా కోపం ఎటుపోయిందో తెలియదు. చెంబుతో నీళ్లు తెచ్చి చేతుల మీద పోశాను.

"అయితే మా బావ బైటపడినట్టేనా?"

ఆవిడ తల అడ్డంగా ఊపారు. "ఇప్పుడే గురునాథరావుగారికి చూపించి వచ్చాను. 'షీటు మంచిదైతే మరి ఎందుకు పగిలింది? ప్రెస్సు వేడి కావాలని పెంచి మాడ్చేశాడు, ఎవడో పోటీ కంపెనీవాడు కొనేసుంటాడు' అంటున్నారు. దొంగ పోయి ద్రోహి వచ్చాడు. అసలు కారణం చూపిస్తే తప్ప ఆయన వదలరు."

"మరి అసలు కారణం ఏటి?"

"తెలీదు." ఆవిడ ఇంకో ముక్క తీసి కిటికీ వెలుతురులో పట్టుకున్నారు. "ఇది చూడు. ఈ మూల మసక ఉందే, నెలవంకలా. గుండు తగిలితే వచ్చే మచ్చ కాదు. ప్రెస్సులో పడే మచ్చా కాదు. మిగతా అద్దం అంతా స్వచ్ఛంగా ఉంది. అంత గుండ్రంగా మచ్చ పెట్టేది ఏమిటి?"

గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా విన్న బావ అప్పుడు నోరు విప్పాడు.

"మొదటి రెండు డాళ్లకి ఓడలో కొత్తగా వచ్చిన పార్సిల్లోంచి తిన్నగా తీసిన షీట్లు ఏసినాం మేడంగారూ. మూడోది మీ ఇంటి నుంచి తెచ్చింది. నా మీద అనుమానం పోవాలని సెప్పడం నేదు. జరిగింది సెప్తన్నాను."

మేడం అతనికేసి చూశారు. ఆ మాట తన ఇంటి గుమ్మంలోకే వేలు చూపిస్తోందని ఆవిడకి తెలుసు. బావకీ తెలుసు.

* * *

ఆదివారం పొద్దున్న గోడ మీంచి ఆరోగ్యమ్మ కేక వేసింది.

"ఒలే గౌరీ! పూజకి టైమైపోతంది. పెట్టి మూత లెగట్లేదు, ఒకసారి రాయే!"

వెళ్లాను. రాస్‌హిల్ మీది చర్చికి వెళ్లడానికి మేడం అద్దం ముందు జడ వేసుకుంటున్నారు. నోట్లో పిన్నులు. ముసలామె, నేను కలిసి మూత ఎత్తాం. పండగ చీర వాసన గుప్పున కొట్టింది. ఎండాకాలం, మూసిన పెట్టె. ఆ ఘాటుకి నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

పైన ఆవిడ చీరలు. అడుగున మిగిలిన షీట్లు. వాటిని చూసి ముసలామె మొహం వెలిగిపోయింది.

"సూడు, నా కోడలు సరుకు ఎంత జాగ్రత్తగా దాసినానో! ఆటికి ఓ జిడ్డు కాయితం అంటించి పంపినారు ఆ తెల్లోళ్లు. సెమ్మకి సీకిపోతందని పీకీసినాను. మెత్తటి పాత సీరలు సుట్టి, కదలకుండా తాడేసి బిగించీసినాను. పురుగు ముట్టకుండా పొరకో గుప్పెడు ఉండలు ఏసినాను. నా పట్టుసీరకైనా అన్నెయ్యలేదే తల్లీ!"

చీర మడతలోంచి ఒక కలరా ఉండ దొర్లి నా కాలి దగ్గర ఆగింది.

అద్దంలో మేడం చేతులు ఆగిపోవడం చూశాను.

"ఓలమ్మా, ఇదేటిది!" ఆరోగ్యమ్మ చీరల కింద నుంచి ఒక ఫోటో తీసింది. చనిపోయిన భర్తది, తెల్లటి ప్లాస్టిక్ ఫ్రేములో. ఫ్రేము మూల మెత్తబడి, చిన్నచిన్న గుండ్రటి గుంటలు పడ్డాయి. ఒక గుంటలో సగం కరిగిన ఉండ అతుక్కుని ఉంది. "సూసినావా, మీ మావకి మసూచికం పోసినట్టైపోనాది! పెట్టిలో పెట్టినా సుకం నేదు ఈ మనిసికి."

మేడం వచ్చి ఆ ఫ్రేము అందుకున్నారు. హ్యాండ్‌బ్యాగులోంచి ఆ ముక్క తీసి, గుంట పక్కన పెట్టారు. గుంట వంపూ నెలవంక వంపూ ఒక్కటే.

ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. ముక్కను మళ్లీ బ్యాగులో వేసుకున్నారు. నోట్లోంచి పిన్నులు తీసి జడలో గుచ్చుకున్నారు.

"అత్తయ్యా, గంట కొట్టేస్తారు. పదండి" అన్నారు.

చర్చి నుంచి వచ్చాక, ఆ సాయంత్రం మేడం నన్ను డాబా మీదికి పిలిచారు. రెండు బిస్కెట్ డబ్బాలు. రెండింటిలోనూ కొత్త ఫారిన్ షీటు బద్దలను విల్లులా వంచి తాడుతో కట్టారు. ఒక డబ్బాలో ఉండలు పోశారు. రెండోదాంట్లో ఏమీ లేదు. మూతల చుట్టూ మైనం పూసి రేపటి ఎండ తగిలేలా పెట్టారు.

"ఈ ఉండల ఆవిరి బట్టను కాస్తుంది గౌరీ, కానీ ఈ షీటును లోపల్లోపలే తినేస్తుంది. గట్టిగా బిగించి కడితే ఇంకా తొందరగా. కంటికి కనపడదు, దెబ్బ తగిలినప్పుడు బయటపడుతుంది. నా ఊహ నిజమైతే గురువారానికి తెలుస్తుంది."

నా గుండెల మీంచి బండ దిగింది. మరుక్షణమే ఇంకో బండ ఎక్కింది.

"మరి శుక్రవారం అందరి ముందూ... ఆరోగ్యమ్మగారి పేరు సెప్తారా?"

"ఆవిడ పేరు రాదు. ఆ పెట్టె మావయ్యగారు కట్టింది. దాన్నీ, నన్నూ చూసుకుని ఆవిడ బతుకుతోంది. ఆవిడ వల్ల నా డాలు పగిలిందని తెలిస్తే తట్టుకోలేదు. నేనే వేశానని చెప్తాను."

"కెమిస్ట్రీ సదివినోళ్లు మీరు! తెలిసీ ఏసినారంటే పోలీసోళ్లు మీ డాలును ఇంక నమ్ముతారా?"

"నమ్మకపోవచ్చు."

"ఏళ్ల కష్టం కదండీ!"

ఆవిడ ఓడరేవు వైపు చూశారు. "శుక్రవారం మీ బావ తలెత్తుకుని ఇంటికి రావాలి. అత్తయ్య ప్రశాంతంగా అన్నం తినాలి. ఈ రెండూ జరిగాక డాలు సంగతి చూద్దాం."

చాలామందిని చూశాను నా జీవితంలో. గుండుకి ఎదురు నిలబడే సరుకు షీటులో ఉంటే చాలదు, ముందు ఆ సరుకును చేసే మనిషిలో ఉండాలని నాకు ఆ డాబా మీద తెలిసింది.

* * *

శుక్రవారం ఆరోగ్యమ్మ తానూ వస్తానని పట్టుబట్టింది.

"రమణ దొంగంటే నానూరుకుంతానేటి? నా కళ్ల ముందు తిరిగిన గుంటడు. ఆ ఇన్‌స్పెక్టరుకి నాను సెప్తాను" అని జపమాల చేతికి చుట్టుకుని బస్సెక్కేసింది. మేడం ఎంత చెప్పినా దిగలేదు.

వర్క్‌షాపులో ప్రెస్సు ముందు నాలుగు కుర్చీలు. ఇన్‌స్పెక్టర్ శ్రీరామ్మూర్తి, గురునాథరావు, ఓ కానిస్టేబులు. బావ కొత్త గుండీ కుట్టిన చొక్కాలో గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ముసలామె, నేను ఓ పక్క బెంచీ మీద కూర్చున్నాం.

మేడం రెండు డబ్బాలూ బల్ల మీద పెట్టారు. గురువారమే ఆవిడకి జవాబు తెలిసిపోయింది. మొదట ఖాళీ డబ్బాలోని బద్ద తీసి ఇన్‌స్పెక్టరుకి ఇచ్చారు.

"విరవండి."

ఆయన కొసా కొసా కలిపేశాడు. బద్ద విరగలేదు. వదలగానే మెల్లగా వెనక్కి లేచింది.

"ఇప్పుడు ఇది."

రెండో డబ్బా మూత తీయగానే వాసన షెడ్డంతా కమ్మేసింది. ఇన్‌స్పెక్టరు బద్దను ఇలా వంచాడో లేదో, ఫట్! ముక్క ఎగిరి గురునాథరావు ఒళ్లో పడింది. ఆయన ఉలిక్కిపడి లేచాడు.

"ఒకే షీటులోంచి కోసిన రెండు బద్దలివి" అన్నారు మేడం. "మార్చినవాడు లేడు, మాడ్చినవాడు లేడు. షీట్లు దాచిన పెట్టెలో కలరా ఉండలున్నాయి. మూడో డాలును చంపింది అవి. రమణమూర్తి తప్పు ఆవగింజంత కూడా లేదు. ఈ ఉండలు లేని చోట దాచిన షీటుతో రేపే ఇంకో డాలు చేస్తాం. చొక్కా బస్తాకి కాకుండా నాకు తొడిగినా సరే, దాని వెనక నిలబడతాను."

ఇన్‌స్పెక్టరు విరిగిన ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ కళ్లలో మొదటిసారి గౌరవం కనిపించింది. గురునాథరావు మాత్రం బావ వైపు చూడలేక, కోపాన్ని ఇంకో వైపు తిప్పాడు.

"బాగానే ఉంది! ఆ దిక్కుమాలిన ఉండలు పెట్టెలో పోసింది ఎవరు? ఆ తెలివితక్కువ పని ఎవరు చేశారో నాకు తెలియాలి!"

"నేనే" అన్నారు మేడం.

"మీరా?" ఇన్‌స్పెక్టరు కనుబొమ్మలు ముడిపడ్డాయి. "ఈ షీటుకి ఏది పడదో మాకు పాఠం చెప్పిన మీరా?"

"నేనే. మర్చిపోయాను."

ఇన్‌స్పెక్టరు విరిగిన ముక్కను బల్ల మీద పెట్టేశాడు. ఆ పెట్టడంలోనే తెలిసిపోయింది. ఇలా మర్చిపోయే మనిషి చేసిన డాలు వెనక ఆయన తన మనుషులను నిలబెట్టడు.

నా పక్కన జపమాల పూసల చప్పుడు ఆగిపోయింది.

తల తిప్పి చూశాను. ఆరోగ్యమ్మ పెదవులు కదులుతున్నాయి. ఒక్కొక్క మాటా ఆవిడకి ఇప్పుడు చేరుతోంది. పెట్టె. ఉండలు. మూడో డాలు. చొక్కా మీది చిల్లు. వారం రోజులుగా దొంగ పేరు మోస్తూ, స్టేషన్‌కి వెళ్లడానికని చొక్కాకి గుండీ కుట్టుకున్న రమణ. నేను ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాను, లేవద్దని. ఆవిడ నా చెయ్యి తీసి నా ఒళ్లోనే పెట్టి, లేచి కోడలి వైపు తిరిగింది.

"ఒలే పిల్లా, ఆదివారం నాడే కదే ఫాదరు ముందు తప్పులొప్పుకుని పాపసంకీర్తనం సేసుకొచ్చావు? మళ్లీ అబద్ధమాడితే ఆ కొండ మళ్లీ ఎక్కాల. నా మోకాళ్లు నీతో రావు."

"అత్తయ్యా, కూర్చోండి. మీకు తెలీదు..."

"నాకు తెల్దా? నా పెట్టిలో ఏటుందో నాకు తెల్దేటి?" ముందు బావ దగ్గరికి వెళ్లింది. అతని చొక్కా మీది కొత్త గుండీని వేలితో తడిమింది. బావ వంగి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు.

ఇన్నేళ్ల తర్వాత ఈ రోజుకీ మల్కాపురంలో మా రెండిళ్ల మధ్య గోడలో ఒక తలుపుంది. ఆ వేసవి చివర్లో బావే గోడ కొట్టి పెట్టాడు, చెక్క మాత్రం ఆరోగ్యమ్మ ఇచ్చింది. ఆ తలుపులోంచి ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగినా, నాకు గుర్తొచ్చేది ఆ రెండు జతల చేతులే.

ముసలామె ఇన్‌స్పెక్టరు ముందుకొచ్చి నిలబడింది. ఆయన తనకి తెలియకుండానే కుర్చీలోంచి లేచాడు.

"బాబూ, నా కోడలు మర్సిపోయే మనిసి కాదు. అది సేసిన డాలు పగల్దు, పగలగొడితే తప్ప. నువ్వు పేరు కావాలని వచ్చినావు కదా? ఇన్ని రోజులూ తప్పు పేరు పట్టుకు తిరిగినారు మీరంతా. నాను సెప్తాను, ఇను."

జపమాలలోని సిలువను గుప్పిట్లో పట్టుకుని, షెడ్డు చివర ఉన్నవాళ్లకి కూడా వినిపించేలా చెప్పింది.

"ఆరోగ్యమ్మ."